గ్యారేజీ జట్టు, పందొమ్మిదో సీజన్

జూన్ 5, బుధవారం

నెల రోజులు నోరు మెదపవద్దన్నారు డాక్టరు గారు. గుసగుస కూడా కూడదట. అరుపు కంటే గుసగుసే గొంతుకు ఎక్కువ చేటట. ఇరవై రెండేళ్లుగా బస్టాండు మైకులో "ప్రయాణికులకు గమనిక" అని చెప్పిన గొంతు ఇది. లోపల లేచిన రెండు బొడిపెలను సోమవారం కోసి తీసేశారు. పాత గొంతు వస్తుందా అని పలక మీద రాసి అడిగాను. "ముందు గాయం మాననీ, చూద్దామమ్మా" అన్నారావిడ. అది జవాబు కాదని నాకూ తెలుసు.

ఇంట్లో మాటలన్నీ ఇప్పుడు మా ఆయనవే. కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దుటినుంచీ "పై వరస చదవండి, కింది వరస చదవండి" అని వచ్చిన మనిషి, ఇంటికొచ్చి కూడా ఆగడం లేదు.

"పెళ్లైన ఇన్నాళ్ళకి నా వంతొచ్చింది, అడ్డుపడకు" అంటారు. అడ్డుపడే యోగమే ఉంటే కదా.

జూన్ 6, గురువారం

తమ్ముడు ఓడెక్కి నాలుగు రోజులైంది. మెకానిక్‌గా ఒడ్డున ఎన్నాళ్ళు పనిచేశాడో గానీ, నీళ్ళమీద ఇదే మొదలు. సరుకు ఓడలో ఇంజను గది పని, ఏడు వారాలు.

ఈ రోజు వాడి గది ఊడ్చి, బల్ల మీద దుప్పటి తీశాను. పచ్చ కంబళి బిగించిన చెక్క, తెల్ల దారంతో కుట్టిన గీతలు, రెండు చివరలా చెప్పుల పెట్టె కోసి చేసిన గోల్‌పోస్టులు, ఒక్కొక్క గోలు ముందు కాపలాకు నిలబెట్టిన అగ్గిపెట్టె. జట్టుకు పదకొండు గుండీలు. గుండీని వేలితో మీటితే అది వెళ్ళి ఎర్ర పూసను తన్నాలి. ఆరు జట్లు: రేవు, బేకరీ, పోస్టాఫీసు, దీపస్తంభం, మిల్లు, గ్యారేజీ. అందరి తరఫునా ఆడేది వాడొక్కడే. పదిహేనేళ్ళ వయసులో మొదలుపెట్టాడు. ఇప్పటికి పద్దెనిమిది సీజన్లు ముగిసి పందొమ్మిదోది సగంలో ఉంది.

గ్యారేజీ వాడి ప్రాణం. నాన్న పని కోటుకున్న గోధుమరంగు గుండీలవి. ఒక్కసారి కూడా మొదటి స్థానం రాలేదు. ఒక్కసారి కూడా చివర నిలవలేదు.

వెళ్తూ వెళ్తూ పుస్తకం నా చేతిలో పెట్టాడు. "ఓడ ఊగితే గుండీలు జారిపోతాయక్కా. వారానికి మూడు మ్యాచులు, నువ్వే ఆడించాలి. గ్యారేజీకి అన్యాయం చెయ్యకు. ఉపకారమూ చెయ్యకు."

జూన్ 7, శుక్రవారం

పుస్తకం మొదటి పేజీలో వాడి నియమాలు. పదిహేనేళ్ళ చేతిరాత, కొమ్ములన్నీ తోకల్లా ఉన్నాయి. ఏ జట్టుకైనా కుడిచేతి చూపుడు వేలే. మీటే ముందు మూడు లెక్కపెట్టాలి. ప్రతి మీటుకూ బల్ల చుట్టూ నడిచి ఆ జట్టు వైపు నిలబడాలి, కూర్చున్నచోటి నుంచి మీటకూడదు. జట్టుకు ముప్పై మీట్లు. గెలిస్తే రెండు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. పూసను గుండీ, అగ్గిపెట్టె తప్ప ఇంకేది తాకినా ఆ మీటు చెల్లదు, 'చూసినవాళ్ళు ఎవరూ లేకపోయినా చెల్లదు'. వారం తప్పితే సీజన్ రద్దు. ఆఖరి స్థానం వచ్చిన జట్టు గుండీల డబ్బాలోకి పోతుంది, దాని పేరు మళ్ళీ వాడకూడదు.

చదివి నవ్వుకున్నాను. బయటికి వినపడకుండా నవ్వడం ఈ వారంలో నేర్చిన విద్య.

జూన్ 9, ఆదివారం

మూడు మ్యాచులూ ఆడించాను. నడుము పట్టేసింది. మ్యాచుకు అరవైసార్లు బల్ల చుట్టూ నడక, బస్టాండులో కూర్చుని చేసే ఉద్యోగానికి ఇదే వ్యాయామం. గ్యారేజీ రేవు చేతిలో 0–2తో ఓడింది.

మధ్యాహ్నం తమ్ముడి నుంచి మెసేజ్. ఓడ ఏదో రేవుకు చేరితే తప్ప వాడికి సిగ్నల్ ఉండదు. "గొంతెలా ఉందక్కా? నాకిక్కడ బాగాలేదు. కళ్ళు మూసినా ఇంజన్ చప్పుడే. ఎవరికి వాళ్ళే, ఎవరూ పలకరించరు. వెనక్కొచ్చేద్దామా అనిపిస్తోంది. గ్యారేజీ ఏం చేసింది?"

0–2 అని కొట్టాను. చెరిపాను. 1–1 అని పంపాను.

వాడి పుస్తకంలో మాత్రం నిజమే రాశాను. కాబట్టి లీగుకు ఏమీ కాలేదు. ఫోనులో మాట వేరు, పుస్తకం వేరు. ఇదొక్కసారే.

జూన్ 12, బుధవారం

గోరువెచ్చటి నీళ్ళు, ఆవిరి, నిద్ర.

జూన్ 16, ఆదివారం

గ్యారేజీ మళ్ళీ ఓడింది, పోస్టాఫీసు చేతిలో 1–2. తమ్ముడికి 2–1 అని పంపాను. అంకెలు అవే, చోట్లు మారాయంతే.

సాయంత్రానికి జవాబు. "రేవుని ఆపి, పోస్టాఫీసుని కొట్టారా! భోజనాల దగ్గర గట్టిగా అరిచేశాను. ఏంటని అడిగారంతా. గుండీల లీగు సంగతి చెప్పా. వేళాకోళం చేస్తారనుకున్నా. బాయిలర్ చూసే పెద్దాయన మాత్రం, మిగిలిన జట్లేంటి అని అడిగాడక్కా!"

ఆ పెద్దాయన రెండు వారాలుగా వీడితో ఒక్క మాట మాట్లాడలేదట. ఇప్పుడు పక్కన కూర్చోబెట్టుకున్నాడట. ఒక చిన్న అంకె అటూ ఇటూ అయితే ఒక మనిషికి తోడు దొరికిందంటే దాన్ని తప్పంటారా? నేననను. ఇదొక్కసారే, ఇక చేయను.

జూన్ 18, మంగళవారం

ఒకటి కనిపెట్టాను. ఇతర జట్లకు మూడు లెక్కపెట్టేటప్పుడు ఒకటి రెండు మూడు అని గబగబా అనేస్తున్నాను. గ్యారేజీకి మాత్రం ఒక్కటీ... రెండూ... అని సాగదీస్తున్నాను. ఆ సాగదీతలో వేలు బిగుసుకుపోయి గురి తప్పుతోంది. ప్రేమ ఎక్కువై పిల్లాణ్ణి పాడుచేసినట్టుంది. ఇకనుంచి గోడ గడియారం ముల్లు చూసి లెక్కపెడతాను, అందరికీ ఒకే తూకం.

జూన్ 23, ఆదివారం

గడియారం పద్ధతి బాగుంది. గ్యారేజీ, బేకరీ 0–0. ఎంత చక్కటి మ్యాచో! అగ్గిపెట్టెలు రెండూ గోడల్లా నిలిచాయి.

తమ్ముడికి 1–0 అని పంపాను. వాడూరుకోలేదు. "గోలెవరిది? ఎటునుంచి? ఎన్నో మీటు?" అని వరసగా మూడు మెసేజులు. నాన్న కోటు జేబుకుండే చిన్న గుండీ, ఎడమవైపు నుంచి, ఇరవై మూడో మీటు అని అల్లాను. ఇంజను గదిలో నలుగురికి బొమ్మ గీసి చూపించాడట.

వాడికి చెప్పినవాటి ప్రకారం పాయింట్లు ఎలా ఉండాలో మరిచిపోకుండా ఒక కాగితం మీద వేరే పట్టిక వేసుకున్నాను. బేకరీకి ఒకటి తగ్గించాలి, రేవుకు ఒకటి, పోస్టాఫీసుకు రెండు తగ్గించాలి. అబద్ధానికి ఇంత చాకిరీ ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

జూన్ 24, సోమవారం

ఆ కాగితం మా ఆయన కంటపడింది. ఆయన కళ్ళకు చీమ కాలు కూడా దాగదు.

"పుస్తకంలో గ్యారేజీకి అయిదు పాయింట్లు. దీంట్లో తొమ్మిది. ఏవిటిది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పలక తెచ్చి అంతా రాసి చూపించాను. రెండుసార్లు చెరిపి రాయాల్సి వచ్చింది.

ఆయన చాలాసేపు నవ్వారు. "గుండీలే కదే. వాడు సంతోషపడ్డాడు. నీ సొమ్మేం పోయింది?"

నేనూ తలూపాను. నేనూ అదే అనుకుంటున్నానుగా.

లేవబోతూ ఆయన ఆగారు. "మా దుకాణానికి కొందరొస్తారు. అక్షరాలు కనపడకపోయినా ముందే కంఠస్థం చేసి చదివేస్తారు. చూపు బావుందని పంపించేస్తే సంతోషంగానే వెళ్తారు." అంతే అని స్నానానికి వెళ్ళిపోయారు. నెలకు సరిపడా మాటలు రోజూ మాట్లాడే మనిషి, ఇక్కడ మాత్రం ఆపేశారు.

జూన్ 30, ఆదివారం

దీపస్తంభం 3, గ్యారేజీ 1. పంపింది తిరగేసి.

తమ్ముడి లెక్కలో గ్యారేజీ పదకొండు పాయింట్లతో రేవుతో సమానంగా పైన ఉంది. బల్ల మీద గ్యారేజీ అయిదు పాయింట్లతో అందరికంటే కింద ఉంది. దాని పైన మిల్లు, ఆరుతో. మిగిలిన ఒక్క మ్యాచ్ గ్యారేజీకి మిల్లుతోనే. గెలిస్తే బతుకుతుంది. డ్రా అయినా డబ్బాలోకే.

నాన్న కోటు గుండీలు.

జూలై 3, బుధవారం

డాక్టరు గారు అద్దం పెట్టి చూసి, "ఏదీ, 'ఆ' అనండి" అన్నారు. అన్నాను. పాత తలుపు తెరిచినట్టు వచ్చింది. ఆవిడకు మాత్రం ముఖం విప్పారింది. రోజుకు అయిదు నిమిషాలు మాట్లాడవచ్చట, వారం వారం పెంచుకోవాలట. మైకు సంగతి రెండు నెలల తర్వాతట. బస్టాండు మాస్టారికి కబురు చేస్తే, "మీ కుర్చీ ఎక్కడికీ పోదమ్మా, రికార్డు చేసిన మీ గొంతే నడుపుతున్నాం" అన్నారు. నేను ఇంట్లో మూగగా కూర్చున్న ఈ నెల అంతా అక్కడ నా గొంతు బస్సులను పంపుతూనే ఉందన్నమాట.

ఇంటికొచ్చి అయిదు నిమిషాల్లో మూడు ఆయనతో పోట్లాటకు ఖర్చుపెట్టాను. హాయిగా ఉంది.

జూలై 5, శుక్రవారం

గ్యారేజీ గెలిచిందని పుస్తకంలో రాసేస్తే ఎవరికీ తెలియదు. అలా రాసేదాన్ని కాదు. ఊరికే ఆ మాట మనసుకు వచ్చింది కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

జూలై 7, ఆదివారం

వివరంగా రాయాలి.

ముందు మిగతా రెండు మ్యాచులు ముగించాను. రేవు, బేకరీ డ్రా. మధ్యాహ్నం భోజనం అయ్యాక గ్యారేజీని, మిల్లును సర్దాను. ఆయన స్టూలు తెచ్చుకుని గోడవారన కూర్చున్నారు.

ఇంతవరకూ ఈ డైరీలో రాయని మాటొకటుంది. మిల్లు గుండీలు నావి. తెల్లటివి, నాలుగు కన్నాలవి, నా చిన్నప్పటి గౌనులవి. తమ్ముడు అడిగితే నేనే కత్తిరించి ఇచ్చాను. పద్దెనిమిది సీజన్లూ మిల్లు ఎలా ఆడిందో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. ఈ నెల రోజులూ గ్యారేజీ, గ్యారేజీ అని రాస్తూ వచ్చాను గానీ, ఎదురుగా నిలబడ్డవి ఎవరివో రాయలేదు.

పద్దెనిమిదో మీటు దాకా ఇద్దరికీ ఏమీ లేదు. గ్యారేజీకి పందొమ్మిదో మీటు. పెద్ద గుండీని మీటాను. పూస అగ్గిపెట్టె పక్కనుంచి జారి గోల్లోకి దొర్లింది.

ఆయన స్టూలు మీంచి లేచారు. "గోల్!"

"చెల్లదు" అన్నాను.

"ఏం? లోపలికే పోయిందిగా!"

"వంగినప్పుడు నా చెయ్యి తగిలింది పూసకి. చిటికెన వేలి అంచు."

"నాకు కనపడలేదే."

"నాకు తగిలింది."

"కాస్త తగిలితే మాత్రం..." అని, నా ముఖం చూసి కూర్చున్నారు. "సరే. నీ ఆట."

ఆ మీటు పోయింది. ఇరవై ఒకటో మీటుకు మిల్లు గోలు వేసింది! నా తెల్లగుండీ, నా వేలే. గుండెలో రాయి పడింది. దాంతోపాటు ఎక్కడో ఒక మూల భలే అనిపించింది. రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో తెలియదు, కలిగాయి.

ఇక అక్కడినుంచి నేను ఎవరి మనిషినీ కాదు. గడియారం ముల్లు చూడటం, మూడు లెక్కపెట్టడం, మీటడం, చుట్టూ నడవడం. ఇరవై నాలుగో మీటుకు గ్యారేజీ సమానం చేసింది. గోధుమరంగు గుండీ గీత పక్కనుంచి తగిలితే పూస అగ్గిపెట్టెను కొట్టుకుని లోపలికి తిరిగింది. 1–1. డ్రా అయితే డబ్బానే. ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు. 

ఇరవై ఎనిమిదో మీటు. జేబు గుండీ, అన్నిటికంటే చిన్నది, మధ్య గీతకు ఇవతల ఉంది. అంత దూరంనుంచి గోలు పడదు. దారిలో నాలుగు తెల్లగుండీలు. ఒకటి, రెండు, మూడు. పూస ఆ నాలుగింటి మధ్యనుంచి, ఏదీ తాకకుండా, తీరిగ్గా వెళ్ళి అగ్గిపెట్టెకూ అంచుకూ మధ్య సందులో దూరింది.

మిల్లుకు మూడు మీట్లు మిగిలాయి. మూడూ అంతే జాగ్రత్తగా మీటాను. రెండోది అగ్గిపెట్టెను తాకి ఆగినప్పుడు కళ్ళు మూసుకోలేదు. అయిపోయింది. గ్యారేజీ 2, మిల్లు 1.

ఇన్నేళ్ళలో నేను చూసిన మంచి సంగతుల్లో ఇదొకటి. ఫోను తీసి తమ్ముడికి చెబుదామని కొట్టబోయాను. ఏమని చెప్పను? చావు తప్పించుకున్నారని వాడితో అనలేను. వాడి లెక్కలో వాళ్ళు అసలు చావు దగ్గరే లేరు. వాడి లెక్కలో ఈ గెలుపుతో గ్యారేజీకి పదమూడు, రేవుకు పన్నెండు. ఈ రోజు ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఉన్నదున్నట్టు పంపితే చాలు, వాడి గ్యారేజీ మొదటిసారి మొదటి స్థానం.

జూలై 8, సోమవారం

మెసేజులు ఆరు. "ఏమైందక్కా? ఇక్కడంతా అడుగుతున్నారు!"

"వచ్చాక చెప్తాను" అని పంపాను. మింగలేను, కక్కలేను. గొంతు బాగుపడ్డాక ఈ పని పడింది.

జూలై 20, శనివారం

వచ్చాడు. నల్లబడ్డాడు, బలంగా ఉన్నాడు. చెప్పులు కూడా విప్పకుండా, "చెప్పక్కా" అన్నాడు.

కూర్చోబెట్టి చెప్పాను. మొదటి 0–2 నుంచి. ఏదీ తగ్గించలేదు, నీకోసమే అని అనలేదు. పుస్తకం ముందు పెట్టాను.

వాడు పేజీలు తిప్పాడు. "అంటే మేం అయిదో స్థానం."

"అవును."

"ఓడంతా చెప్పానక్కా నేను. బొమ్మలు గీసి మరీ చెప్పా. అన్ని జట్లూ నేనే ఆడతాను కదా, అందులో నేను మోసం చెయ్యననే ఒక్క మాట మీదే వాళ్ళు నమ్మారు." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "నాకు బాలేదని చెప్తే, బాలేదా అని అడగాలి. చిన్నపిల్లాడికిచ్చినట్టు చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెడతావా?"

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

జూలై 21, ఆదివారం

మాట్లాడలేదు. అన్నం తిన్నాడు.

జూలై 22, సోమవారం

పొద్దున్న నేను టీ పెడుతుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"బావ చెప్పాడు. పందొమ్మిదో మీటు నువ్వే చెల్లదన్నావట."

"చెయ్యి తగిలింది."

"గెలవకపోతే గ్యారేజీ డబ్బాలోకే అని తెలిసీ?"

"తెలిసే."

నన్ను బల్ల దగ్గరికి తీసుకెళ్ళి దుప్పటి తీశాడు. తర్వాత, "ఇరవై ఎనిమిదోది ఎక్కడినుంచి పడిందో చూపించు" అన్నాడు.

గుండీలన్నీ ఎక్కడెక్కడున్నవో అక్కడే పెట్టి చూపించాను. నా రోజువారీ పావుగంట మాటలూ దాంతోనే సరి. మైకులో చెప్పినట్టు చెప్పాను: పెద్ద గుండీ ఇక్కడ, తెల్లవి నాలుగు ఇలా, పూస ఇటునుంచి. వాడు బల్లకు కళ్ళు ఆనించి ఆ సందును చూశాడు.

"ఇది పడదక్కా" అన్నాడు.

"పడింది."

"అయిదు పాయింట్లతో అట్టడుగుకు పోయి, గోలు వెనకబడి, పైకొచ్చారా!" మూతి బిగించుకున్నా నవ్వు ఆగలేదు వాడికి. "ఇంత మ్యాచ్ జరిగితే పదిహేను రోజులు దాచావా నా దగ్గర?"

మధ్యాహ్నం బాయిలర్ పెద్దాయనకు ఫోను చేశాడు. నన్ను పక్కన నిలబెట్టి మరీ అంతా చెప్పాడు, పరువు పోయేట్టు.  అవతలినుంచి గరగరా ఒక గొంతు, అచ్చం ఇప్పటి నా గొంతులాంటిదే.

"మీ అక్కకివ్వు." తీసుకున్నాను. "ఏమ్మా, జేబు గుండీ గోలు నిజమేనా? బేకరీ మీద వేసింది కాదు, ఈ రెండోది."

"నిజమేనండి."

"మరింకేం, మా గదిలో గోడమీద మార్చి రాస్తాలే. పైన నిలిచారంటే ఏముంది? డబ్బాలో పడకుండా బయటపడ్డారు, అదీ కబురంటే. ఇంకోసారి మాత్రం మాకు అబద్ధం చెప్పకు."

చెప్పనన్నాను.

సాయంత్రం తమ్ముడే మిల్లు గుండీలను ఒక్కొక్కటే తుడిచి డబ్బాలో వేశాడు. పదకొండోది వేసే ముందు నా వైపు చూశాడు. వెయ్యమన్నాను. కాస్త బాధేసింది. రాస్తున్నాను.

జూలై 28, ఆదివారం

ఇరవయ్యో సీజన్ మొదలైంది. మిల్లు బదులు కొత్త జట్టు కావాలి కదా. నా పాత యూనిఫారం నీలం గుండీలు తీసి ఇచ్చాను, పేరు 'బస్టాండు' అని పెట్టమన్నాను. మొదటి మ్యాచే గ్యారేజీతో పడింది.

బస్టాండు తరఫున నేను మీటనా అని అడిగాను.

"కుదరదక్కా. ఇది ఒక్కడే ఆడాల్సిన ఆట. నువ్వు కూర్చుని చూడు."

ఆయనా నేనూ గోడవారన కూర్చుని చూశాం. వాడు బల్ల చుట్టూ అరవైసార్లు నడిచాడు. నా నీలంగుండీల వెనక నిలబడ్డప్పుడూ అంతే శ్రద్ధ, నాన్న గుండీల వెనక నిలబడ్డప్పుడూ అంతే శ్రద్ధ. బస్టాండు 0–3తో ఓడిపోయింది. ఒక్క గోలైనా అక్క ముఖం చూసి వదల్లేదు వెధవ. నాకు సాయంత్రమంతా హాయిగా ఉంది.